జిరాక్సు మిషనుకు ఆవు గ్లౌజులు

చిన్నోడు పాలు తాగి తృప్తిగా తల ఇటు తిప్పాడు. వాడి మెడ మడతలోంచి చెంప మీదికి నల్లటి చార ఒకటి పాకి ఉంది. వేలితో తుడిచాను. అది చెరిగిపోకుండా పెదవి దాకా సాగింది. వాడు ఆ పెదవిని చప్పరించి, నన్ను చూసి బోసినోటితో నవ్వాడు. వాడి తలకింద ఉన్న నా ఎడమ చేతిని మెల్లగా బయటికి తీసి చూసుకున్నాను. మోచేతి లోపలి మడత, వాడి తల రోజూ ఆనే చోటు, బొగ్గు రాసినట్టు నల్లగా నున్నగా మెరుస్తోంది. కెవ్వున అరిచాను.

ఆ రోజుల్లో (అంటే మరీ పాత రోజులేమీ కావు, వాడికింకా పళ్ళు రాని రోజులు, ఆ వచ్చిన పళ్ళు ఇప్పుడు ఊడి కొత్తవి వస్తున్నాయి, పిల్లలున్న ఇంట్లో కాలాన్ని పళ్ళతోనే లెక్కపెట్టుకోవాలి) నాకు లోకంలోని అపాయాలన్నీ కంఠతా వచ్చు. ఫ్యాను ఊడిపడుతుందేమో, పాలు పొలమారుతాయేమో, పక్కింటి పిల్లి ఊయలలోకి దూకుతుందేమో అని వరసగా భయపడేదాన్ని. ఒక భయం తీరితే ఇంకోటి వచ్చి దాని స్థానంలో కూర్చునేది, ఎలక్ట్రిక్ రైల్లో సీటు ఖాళీ కాగానే ఎవరో ఒకరు కూర్చున్నట్టు. ఇన్నిటికి కాపలా కాసిన నేను, అసలు అపాయం నా చేతిమీదే ఎక్కి, నాతోపాటే తిరువళ్ళూరులో రైలెక్కి తిరుత్తణిలో దిగి, నాతోపాటే చెప్పులు విడిచి ఇంట్లోకి వస్తోందని మాత్రం కనిపెట్టలేకపోయాను.

నాది జిరాక్సు మిషన్లు బాగుచేసే పని. ఎలక్ట్రానిక్సు చదివి, కొన్నాళ్ళు కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగాలు చేసి విసుగుపుట్టి, తిరువళ్ళూరులో ఒక చిన్న సర్వీసు షాపులో చేరాను. ఆ షాపు యజమానిని అందరూ ఓనరన్న అనేవారు. "ఈ ఊళ్ళో ఆఫీసులుండేదాకా జిరాక్సులుంటాయి తంగచ్చీ, జిరాక్సులుండేదాకా అవి చెడిపోతాయి, మనకేం తక్కువ" అనేవాడు (చెల్లెల్ని తంగచ్చి అనడం మా వైపు తమిళం నేర్పిన మర్యాద). పెద్ద మిషను తలుపు తెరిచి, లోపలికి చెయ్యి పోనిచ్చి, ఎక్కడో ఇరుక్కున్న కాగితం ముక్కనో అరిగిపోయిన చక్రాన్నో తడిమి పట్టుకోవడం నాకెంత ఇష్టమో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. అంతవరకు మచ్చలు మచ్చలుగా వస్తున్న కాగితం ఒక్కసారిగా తెల్లగా, అక్షరం అక్షరం విడిగా బయటికి వస్తుంది చూడండి, ఆ క్షణం కోసం నేను ఎంత దూరమైనా నిలబడి ప్రయాణం చేస్తాను. కాకపోతే ఆ మిషన్లలో ఉండేది సిరా కాదు, పొడి. ముఖానికి రాసుకునే పౌడరు కంటే మెత్తనిది. వాడగా మిగిలిన పొడి లోపల ఒక డబ్బాలో చేరుతుంది. ఆ డబ్బా నిండినా ఎవరూ పట్టించుకోరు. అది పొంగి మిషను పేగుల్లోకి దిగాక మాకు ఫోను చేస్తారు. అప్పుడు మోచెయ్యి దాటేదాకా చెయ్యి లోపలికి పోవాలి. షాపులో ఇచ్చే గ్లౌజులేమో మణికట్టు దగ్గర ఆగిపోతాయి. మణికట్టుకీ చుడీదారు చేతికీ మధ్యనున్న నా శరీరానికి దిక్కూ దివాణం లేదు.

నా అరుపుకి మా అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది? బిడ్డ పడినాడా?"

"లేదత్తా. మిషను పొడి. వాడి నోట్లోకి పోయినట్టుంది."

ఆవిడ బిడ్డను లాక్కుని, తడిగుడ్డతో మూతీ మెడా తుడిచి, నావైపు చూసింది. "యాడంటే ఆడ చెయ్యి పెట్టొచ్చి అదే చేత్తో బిడ్డని ఎత్తుకుంటావా? పో, ముందు కడుక్కో పో."

కడుక్కున్నాను. వేడినీళ్ళు కాచి, సబ్బు పెట్టి, పీచుతో రుద్ది రుద్ది కడుక్కున్నాను. కాగితం మీద పొడిని కరిగించి అతికించేది వేడేనని, అందుకే ఈ పొడి ఒంటిమీద పడితే చన్నీళ్ళతోనే కడగాలని రోజూ కస్టమర్లకు పాఠం చెప్పే మనిషిని నేను. (చదువు మనతోపాటు వీధి చివరిదాకా వస్తుంది, బిడ్డ ఏడుపు వినగానే అక్కడే నిలబడిపోతుంది.) ఫలితంగా నా మోచేతి ముడతలన్నీ ఒక్కొక్కటీ చక్కగా ప్రింటయి కూర్చున్నాయి. జాతకం చెప్పేవాళ్ళు ఎవరైనా వచ్చి ఉంటే అరచేయి అడక్కుండా మోచెయ్యి చూసి చెప్పేసేవాళ్ళు.

మా ఆయన శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఇంటికి వచ్చి అంతా విని, బాగా ఆలోచించి, "ఒక పని చెయ్యి. మిషన్లోకి కుడి చెయ్యి పెట్టు, బిడ్డని ఎడమ చేత్తో ఎత్తుకో" అన్నాడు. నేను చూసిన చూపుకి వెంటనే లేచి, అప్పుడు ఎల్‌కేజీ చదువుతున్న మా పెద్దదాని బ్యాగు సర్దడానికి వెళ్ళిపోయాడు. మరునాడు పిల్లల డాక్టరమ్మ బిడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత కొంచానికి ఏమీ కాదు. కానీ రోజూ అంటుకోనివ్వద్దు" అంది. అదే ఊపులో తలుపు దగ్గర నిలబడ్డ మా అత్తను చూసి, "కాటుక గీటుక కూడా వద్దమ్మా, ముఖం శుభ్రంగా ఉంచండి" అని ఆవిడకూ ఒకటి అంటించింది. ఇంటికి రాగానే నేను కాటుక డబ్బాను చెత్తబుట్టలో వేశాను. డాక్టరమ్మ చెప్పినదాంట్లో "ఏమీ కాదు" అన్న ముక్క నాకు వినబడనే లేదు. "రోజూ" అన్న ముక్కే రైల్లో, మిషన్ల ముందు, అన్నం తినేటప్పుడు చెవిలో గీపెట్టేది. ఎన్నాళ్ళనుంచి అంటుకుంటోందో నాకేం తెలుసు?

మా అత్త గయ్యాళి కాదు. ఆవిడ కేకలేసి ఉంటే నేనూ కేకలేసి ఉండేదాన్ని, విషయం అక్కడితో తేలిపోయేది. ఆవిడ బీన్సు తుంచుతూ నిమ్మళంగా చెప్పింది: "చూడమ్మాయ్. పనికి పోవద్దని నేనెప్పుడన్నా అనినానా? బిడ్డని చూసుకునేదానికి నేనుండా. కానీ ఇంగొక్కసారి వాని ఒంటిమీద ఆ నలుపు కనపడినాదంటే మాత్రం నువ్వు మానుకోవల్ల. సరేనా?"

"సరేనత్తా" అన్నాను. ఆవిడకు భయపడి కాదు. ఆ విషయంలో ఆవిడ కంటే నేనే ఎక్కువ భయపడి ఉన్నాను.

అలా మొదలైంది పొడుగు గ్లౌజుల వేట. మోచెయ్యి దాటేవి కావాలి. ఒకసారి వాడి పారేసేవి కావాలి, ఎందుకంటే కడిగి మళ్ళీ వాడుకునేవైతే ఆ కడిగేది నేనే, పొడి అంటేది మళ్ళీ నాకే. పైగా నా జీతంలో మిగిలేదాంతో కొనగలిగేవి కావాలి. తిరువళ్ళూరు హార్డువేరు కొట్లో ఎర్రటి రబ్బరు తొడుగులు చూపించారు. వాటితో కరెంటు స్తంభాన్ని కౌగిలించుకోవచ్చు గానీ ఆవగింజంత స్క్రూను పట్టుకోలేం. మెడికల్ షాపుకు వెళ్ళి మోచెయ్యి పైదాకా వచ్చే గ్లౌజులు అడిగితే, అతను గొంతు తగ్గించి "ఎన్న ఆపరేషన్‌మా?" అన్నాడు. ఏం ఆపరేషనో చెబితే ఇంకా తగ్గించాడు, ఈసారి నామీద మర్యాదను. ఫోన్లో వెతికితే ఒక విదేశీ రకం దొరికింది. ఆ జత ధరకు మిషను బాగుచేసినందుకు మాకిచ్చే డబ్బు కూడా చాలదు.

ఇక సొంత తెలివి మీద పడ్డాను. ప్లాస్టిక్ కవర్ల కొట్లో గొట్టంలా చుట్టిన కవరు తూకానికి అమ్ముతారు. అది చెయ్యి పొడుగున కత్తిరించుకుని, రెండు కొసలా రబ్బరు బ్యాండ్లు బిగించి, కింద మామూలు గ్లౌజు వేసుకుని పని మొదలుపెట్టాను. అసలే తిరువళ్ళూరు, అందులోనూ ఎండాకాలం. కాసేపటికే కవరు లోపల చెమట కాలవ కట్టింది. ఓనరన్న వచ్చి నా చెయ్యి చూసి, "తంగచ్చీ, లోపల రెండు ఇడ్లీలు పెట్టుకోరాదా? మద్దేన్నానికి ఉడికిపోతాయి" అన్నాడు. నవ్వేలోపే నా వేళ్ళు తిమ్మిరెక్కి నీలంగా మారడం గమనించాను. రబ్బరు బ్యాండ్లు మరీ గట్టిగా బిగించాను. పొడి సంగతి తర్వాత, చెయ్యే పోయేట్టుందని ఇంకో భయం పట్టుకుని, కత్తెర కోసం షాపంతా గంతులేశాను.

దారి చూపించింది మా పుట్టింటి ఆవు. మా అన్న అత్తిమంజేరిపేటలో వ్యవసాయం చేస్తాడు. పిల్లల్ని తీసుకుని ఒక ఆదివారం వెళ్ళాను. ఆ పొద్దున ఆవుకు చూలు కట్టే సూది వేసే మనిషి మోటారు సైకిలు మీద వచ్చాడు. మా వైపు ఒక పద్ధతుంది. ఆ మనిషి దొడ్లోకి అడుగుపెట్టగానే ఆడవాళ్ళంతా ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోతారు. పని అయ్యేదాకా ఎవరూ ఆ దిక్కు చూడరు. నేనూ వెళ్ళబోతున్నదాన్ని, తలుపు దగ్గర ఆగిపోయాను. ఆ మనిషి పెట్టెలోంచి పొరలాంటి గ్లౌజు ఒకటి లాగాడు. అది రావడం మొదలుపెట్టింది, ఇంకా వస్తోంది, ఇంకా వస్తోంది. వేళ్ళ దగ్గర మొదలై మోచెయ్యి దాటి భుజం మీదికి ఎక్కింది. నా జన్మలో అంత అందమైన వస్తువును చూడలేదు.

"ఏయ్, ఆడేం చూస్తా ఉండావు! లోపలికి రా" అని మా వదిన నా కొంగు, అంటే చున్నీ, పట్టుకుని లాగింది.

"వదినా, ఆ గ్లౌజు చూడు వదినా!"

"అయ్యో, సిగ్గులేదా నీకి! గ్లౌజు చూస్తాందంట!"

చున్నీ ఆమె చేతిలోనే వదిలేసి దొడ్లోకి పరుగెత్తాను. అప్పటికే ఆ మనిషి చెయ్యి ఉండాల్సిన చోట ఉంది. మా అన్న ఆవు తల పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఆ గ్లౌజు యాడ కొంటారన్నా?"

అతను ఆవు వీపు మీదుగా ఆకాశంలోకి చూస్తూనే అడిగాడు. "మీ ఇంట్లో ఎన్ని ఆవులుండాయిమ్మా?"

"ఆవుల్లేవన్నా. జిరాక్సు మిషన్లు."

అతని చెయ్యి ఆగింది. ఆవు కూడా నావైపు తల తిప్పింది. మా అన్న తువాలుతో ముఖం కప్పుకున్నాడు.

"ఇప్పుడు జిరాక్సుకి కూడా సూదేస్తా ఉండారా?" అని ఆ మనిషి నిజంగానే అడిగాడు.

నా కథ అంతా విన్నాక, అవి తిరుత్తణిలో గొడ్ల మందుల షాపులో పెట్టెల్లెక్కన దొరుకుతాయని చెప్పాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే మా వదిన వచ్చి నన్ను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. మా ఇంటికి నాలుగు వీధుల అవతలే ఆ షాపు! పెట్టె ధర విని, పొరపాటున తక్కువ చెప్పాడేమోనని రెండోసారి అడగకుండా కొనేశాను. పెట్టె మీద పెద్ద ఆవు బొమ్మ. మరునాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని రైల్లో లేడీస్ పెట్టెలో కూర్చుంటే, పక్కనున్నావిడ ఆ బొమ్మను చాలాసేపు చూసి, "మీది ఎంత పాలిస్తాదిమ్మా?" అని అడిగింది. నిమిషానికి ముప్పై కాపీలు అని నోటిదాకా వచ్చింది గానీ, "సుమారుగా" అని చెప్పి కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ రోజే ఒక ఆఫీసు పక్కనున్న జిరాక్సు కొట్లో పొడి డబ్బా పొంగిందని పిలుపొచ్చింది. నేను ఆవు గ్లౌజు భుజందాకా ఎక్కించుకుని, దర్జాగా చెయ్యి లోపలికి పోనిచ్చాను. చెమట లేదు, బిగింపు లేదు. లోపల చెయ్యి తిప్పినంతసేపూ గాల్లో తేలిపోయాను. చెయ్యి బయటికి తీశాక అర్థమైంది, మిషన్లోని పొడంతా నా చేతితోపాటే బయటికి వచ్చిందని. దువ్వెనతో తల దువ్వుకుని దాన్ని కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అంటుకోవడం బళ్ళో చూపిస్తారు కదా. పలుచటి ప్లాస్టిక్ కూడా రాపిడికి అలాగే తయారవుతుంది, పొడిని పిలిచి మరీ అంటించుకుంటుంది. నేను చదివిన చదువులో మొదటి పాఠమది. భుజం దాకా నల్లటి బొచ్చు మొలిచినట్టు నిలబడ్డాను. కంగారులో అందరూ చేసే పనే చేశాను, వేళ్ళ కొసలు పట్టుకుని గ్లౌజును సర్రున లాగాను. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కన గంజిపెట్టిన తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన కాపీల కోసం నిలబడి ఉన్నాడు.

ఫ్యాను ఆపేసరికి ఆయన కొంచెంసేపు తన చొక్కాను చూసుకుని, తర్వాత నన్ను చూసి, తమిళంలో ఎంతో శాంతంగా అన్నాడు: "ఏమ్మా, నేను కాయితాన్ని కదా జిరాక్సు తియ్యమన్నది?"

ఆ రోజు రైల్లో నేను ఎవరినీ ఆనుకోకుండా నిలబడి వచ్చాను. ఇంటికి వచ్చి చన్నీళ్ళతో తలంటి పోసుకుని, బట్టలు వేరే బక్కెట్లో నానబెట్టి, గడపలో కూర్చున్నాను. మా అత్త బిడ్డను ఇవ్వలేదు, నేనూ అడగలేదు. వాడు చేతులు చాపి ఏడుస్తుంటే గోడవైపు తిరిగాను. ఇంతలో వాడు లాగులో చేసేసుకున్నాడు. అత్త చెయ్యి ఖాళీ లేదు, నేనే లేచి వాడి లాగు విప్పాను. నడుము దగ్గర పట్టుకుని కిందికి దొర్లిస్తూ, లోపలిది లోపలే ఉండేట్టు మడతలోకి మడత తిప్పుకుంటూ, చుక్క బయటపడకుండా చివరికి చిన్న మూట చేశాను. ఆ మూటను చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రోజుకు ఎన్నోసార్లు చేసే పని! కాలికి చేసేది చేతికి చెయ్యలేనా? గ్లౌజును లాగేది వేళ్ళ దగ్గర కాదు, భుజం దగ్గర. లోపలి వైపు బయటికి వచ్చేట్టు దొర్లించుకుంటూ పోతే పొడంతా కడుపులో పెట్టుకుని అదే మూటవుతుంది. "ఏందే అట్ల చూస్తావు, ఆ గుడ్డని? బయట పెట్టు" అని మా అత్త ముక్కు మూసుకుంది.

అక్కణ్ణుంచి పని దారిన పడింది. గ్లౌజు వేసుకున్నాక పైన తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే ఆ అంటుకునే గుణం తగ్గింది. ఆవు గ్లౌజు వేళ్ళు నాకు మరీ పెద్దవి, కొసలు వేలాడేవి. దానిమీద మామూలు చిన్న గ్లౌజు తొడిగితే స్క్రూ కూడా చేతికి దొరికింది. సాయంత్రం చేతులు చూసుకుంటే పెళ్ళికి వెళ్ళొచ్చినట్టు శుభ్రంగా ఉండేవి. ఓనరన్న ముందు నవ్వాడు, తర్వాత నా పెట్టెలోంచి ఒకటీ అరా కాజేయడం మొదలుపెట్టాడు. మా పెద్దది బళ్ళో టీచరుకు "మా అమ్మ మిషన్లకి ఆవు డాక్టరు" అని చెప్పిందట. ఆ టీచరు నన్ను చూసినప్పుడల్లా ఏదో అడగాలనుకుని మానుకునేది.

బాగానే ఉంది అనుకుంటున్న సమయంలో ఒక సాయంత్రం, అలవాటు ప్రకారం చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుని, చిన్నోణ్ణి ఎత్తుకున్నాను. వాడు నా భుజం మీద తల వాల్చాడు. ఎడమ చెవి వెనకాల, ఎముక పక్కన, నల్లటి మచ్చ.

నేను అరవలేదు. అరవడానికి ఊపిరి కావాలి.

"అత్తా, ఉంది."

"ఏముంది?"

"నలుపు. చెవి వెనకాల."

మా అత్త ముఖం రంగు మారింది. కోపమనుకున్నాను. ఆవిడ ఏమీ అనకముందే నేనే అన్నాను, "మాట ప్రకారం మానేస్తానత్తా. రేపట్నుంచి పోను." ఆ మాట అంటుంటే నా గొంతు నాకే వేరే ఎవరిదో లాగా వినిపించింది. మా పెద్దది రంగు పెన్సిళ్ళు వదిలేసి నన్నే చూస్తోంది. ఆలోచిస్తే మనసు మారుతుందేమోనని అప్పుడే ఓనరన్నకు ఫోను చేసి చెప్పేశాను. "సరి తంగచ్చీ, బిడ్డ ముఖ్యం. ఆ గ్లౌజుల పెట్టె మాత్రం ఈడనే పెట్టిపో" అన్నాడు. మా అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల మీద మూతలు వేయడం, తీయడం వినిపిస్తూనే ఉంది. అన్ని గిన్నెలు మా ఇంట్లో లేవు.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఎలా అంటింది? ఇంకా ఎక్కడెక్కడ అంటి ఉందో తెలియాలి కదా. నా పనిముట్ల సంచిలో మిషన్లో జారిపడిన స్క్రూలు పైకి తీసే అయస్కాంతపు పుల్ల ఒకటి ఉంటుంది. మేము బాగుచేసే మిషన్ల పొడిలో ఇనుము కలిసి ఉంటుంది, అయస్కాంతం దగ్గర పెడితే గబుక్కున లేచి అంటుకుంటుంది. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టుకుని, పుల్లకు తెల్లగుడ్డ చుట్టి, చెవి చుట్టూ, మెడ చుట్టూ, తల చుట్టూ మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను. గుడ్డ తెల్లగానే ఉంది. మళ్ళీ తిప్పాను. మచ్చ కదల్లేదు. అయస్కాంతం పాడైందేమోనని తలుపు గొళ్ళానికి పెట్టి చూశాను, టక్కున అంటుకుంది. మళ్ళీ బిడ్డ చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను.

"ఏందే అది?" మా అత్త గుమ్మంలో నిలబడి ఉంది. "కొత్తరకం దిష్టి తీసేదా?"

"పొడి పరీక్షత్తా. కానీ అంటుకోవడం లేదు."

"అంటుకోదు." ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా తుడుచుకుంటూనే ఉంది. "అది నేను పెట్టిన చుక్క."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"కాటుక డబ్బాని నువ్వు పారేస్తివి. నేను ఇంగొకటి కొనుక్కొచ్చి బియ్యం డబ్బాలో దాచిపెట్టినా. నువ్వు పొద్దున్నే పోతావు. వచ్చినోళ్ళంతా 'ఏం బొద్దుగుండాడు, ఏం తెల్లగుండాడు' అంటారు. నాకు గుండె దడదడ అంటాది. నీకు చదువుంది, ఫోన్లో చూసుకుంటావు. నాకు తెలిసింది ఒక చుక్క. ముఖం మీద వద్దనింది కదా డాక్టరమ్మ, చెవి వెనకాల పెట్టినా. నీకు కనపడదు, కన్నేసేటోళ్ళకి కనపడతాది."

"వెనకాల పెడితే వాళ్ళకి మాత్రం ఎట్ల కనపడతాదత్తా?"

ఆవిడ ఆలోచించింది. నిజాయితీగా, చాలాసేపు ఆలోచించింది. "అది నేను యోచన చెయ్యలే" అంది.

ముందు ఎవరు నవ్వామో గుర్తులేదు. నవ్వు ఆగేసరికి నాకు కళ్ళనిండా నీళ్ళున్నాయి. అత్త ఆ చుక్క సంగతి చెప్పకుండా ఊరుకుని ఉంటే చాలు, ఆవిడ పెట్టిన షరతే నెగ్గేది. ఆ మాటే అడిగాను. "చెప్పకపోతే నేను మానేసి ఇంట్లోనే ఉండేదాన్ని కదత్తా?"

"ఉంటావు. మూతి ముడుచుకోని ఉంటావు." ఆవిడ చిన్నోడి చెవి వెనక మచ్చను కొబ్బరినూనె రాసి తుడుస్తూ అంది. "మిషను బాగైన దినం రైలు దిగొచ్చే నీ మొగం నేను చూళ్ళేదా? నేను పెట్టిన చుక్కకి నువ్వు పని పోగొట్టుకుంటే నాకు అన్నం దిగతాదా?"

ఆ పని ఇష్టమని నేను ఎవరికీ చెప్పలేదనుకున్నానే, ఆవిడకు ఎప్పుడో తెలుసు. తర్వాత చుక్క గురించి బేరం మొదలైంది. అరికాల్లో పెడతానంది. కాలు నోట్లో పెట్టుకుంటాడన్నాను. వీపు మీద అంది. పడుకుంటే పక్కకు అంటుతుందన్నాను. చివరికి ఊయల తాడుకు పెట్టుకునేట్టు ఒప్పందం కుదిరింది. ఆ ఊయలకు ఇంతవరకు ఏ దిష్టీ తగల్లేదు, ఇప్పుడది మా అన్న కూతురి బిడ్డకు పనికొస్తోంది. ఓనరన్నకు మళ్ళీ ఫోను చెయ్యాలంటే సిగ్గేసింది. చేస్తే, "నువ్వు మానేసినావని నేను ఇంగా నమ్మనే లేదు తంగచ్చీ, పొద్దున త్వరగా రా" అన్నాడు.

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తుంటే, అయస్కాంతపు పుల్లతో బిడ్డ చుట్టూ ప్రదక్షిణాలు చేయించిన ఆ అమ్మాయి కళ్ళముందు కనిపిస్తోంది. నవ్వొస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. పక్కన కూర్చుని, ఇంత భయం అక్కర్లేదమ్మా అని చెబుదామనిపిస్తుంది. చెప్పినా వినేది కాదు. ఇప్పుడు నాకు ఎవరైనా చెబితే నేను వింటున్నానా? భయాలు మారాయి అంతే, ఇప్పటివి రోడ్డు దాటడం గురించి, ఫోన్ల గురించి.

ఆ మరునాటి పొద్దున నేను పెద్దదానికి జడ వేస్తున్నాను. చిన్నోడు మా అత్త చంకలో ఉన్నాడు. పెద్దది తల తిప్పకుండా అడిగింది, "నువ్వు పనికి పోనంటివి కదమ్మా నిన్న?"

ఏదో కథ చెబుదామనుకున్నాను. నాలుగేళ్ళ పిల్లకు కథే సులువు. కానీ ముందురోజు నా గొంతు మారడం అది విన్నది. నేను ఏడవడం చూసింది. జడ ముగించి, రిబ్బను కట్టి, దాన్ని నావైపు తిప్పుకుని, అర్థమవుతుందో లేదోనని చూడకుండా ఇద్దరికీ కలిపి ఉన్నదున్నట్టు చెప్పాను.

"నిన్న భయమేసి అట్ల చెప్పినా తల్లీ. ఈ పొద్దు కూడా భయంగానే ఉంది. అయినా పోతా, నాకు ఆ పనంటే ఇష్టం. సాయంత్రం బండికి వచ్చేస్తా. రాగానే ఎత్తుకోమని ఏడవద్దండి ఇద్దరూ. ముందు చేతులు కడుక్కోనీండి."